‘15 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు’ అని కొటేషన్ వచ్చిందా? జాగ్రత్త

బెంగళూరులో సర్కారీ కాలేజీలు, హాస్టళ్లు, ఆఫీసుల్లో పర్చేజ్ సెక్షన్ చూసే మనవాళ్లందరూ ఇది చదవండి. కొటేషన్ అడుగున ఈ ఒక్క లైను రాసి ఆర్డరు పట్టుకుపోయే సప్లయర్లున్నారు. ఆ 15 రోజులు ఎప్పట్నుంచి మొదలో మాత్రం రాయరు. గొడవంతా అక్కడే.

10 లక్షల సరుకు అనుకోండి. ఇన్వాయిస్ 1వ తారీకుది. పీణ్య గోడౌన్ నుంచి సరుకు 5న వస్తుంది, తనిఖీ 9న పూర్తవుతుంది. 13న బిల్లు ఖజానె-2లో (కర్ణాటక ట్రెజరీ ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కించినా డబ్బు వాళ్ల ఖాతాలో పడేది 18న. సరుకు ఒప్పుకున్న రోజు నుంచి 9 రోజులే కదా అని మనం 20,000 కోస్తాం. ఇన్వాయిస్ తేదీ నుంచి గడువు దాటిందని వాళ్లు ఆ 20,000కి నోటీసిస్తారు.

నోటీసులో ఎంఎస్‌ఎంఈడీ చట్టం, 2006 (చిన్న పరిశ్రమల చట్టం) కింద వడ్డీ కూడా కలుపుతారు. బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చిన్న విషయం కాదు. కానీ ఆ హక్కు సూక్ష్మ, చిన్న తరహా తయారీదారులకీ సేవాసంస్థలకీ ఉంది, కొని అమ్మే ట్రేడర్లకి లేదు. ముందు వాళ్ల ఉద్యమ్ సర్టిఫికెట్‌లో (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) ఏ పని రాసుందో చూడండి.

ఇంకో చిక్కు: కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే మనం కోసే జీఎస్టీ టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కూడా 2 శాతమే, అంటే ఇక్కడ అదీ 20,000. పేమెంట్ వివరాల్లో ఉత్తినే ‘2 శాతం కోత’ అని రాస్తే ఏది ఏదో ఎవరికీ తేలదు. టీడీఎస్ మనం వేసే జీఎస్టీఆర్-7 రిటర్న్ ద్వారా వాళ్ల జీఎస్టీ క్యాష్ లెడ్జర్‌కి చేరుతుంది, డిస్కౌంట్ చేరదు. రెండూ విడివిడిగా చూపించండి.

పర్చేజ్ ఆర్డర్‌లోనే ఇలా రాయించండి: తనిఖీ చేసి ఒప్పుకున్న తేదీ, సరైన బిల్లు అందిన తేదీ, ఈ రెండిట్లో ఏది ఆఖరుదైతే అక్కడ్నుంచి లెక్క. తగ్గింపు జీఎస్టీ కలపని ధర మీదే. ఈ మాట లేకపోతే 18 శాతం పన్నుతో కలిపి 11,80,000 మీద 23,600 అని ఒకరు, 20,000 అని ఒకరు లెక్కేస్తారు, ఆడిట్ వాళ్లు ఆ 3,600 దగ్గర ఆపుతారు. ఎల్1 (అందరికన్నా తక్కువ రేటు ఎవరిదో) తేల్చేటప్పుడు ఈ తగ్గింపుని అసలు లెక్కలోకి తీసుకోకండి. ట్రెజరీలో బిల్లు నాలుగు రోజులు ఆగినా తగ్గింపు పోతుంది, ఎక్కువ రేటుకి కొన్నట్టు తేలేది మనమే.

బిల్లు ఇప్పటికే నడుస్తుంటే, కోత పెట్టకముందే ఆ ఇన్వాయిస్ నంబరు వేసిన క్రెడిట్ నోట్ (తగ్గింపు ఒప్పుకుంటూ వాళ్లిచ్చే కాగితం) అడగండి. ఆర్డరులో తేదీ సంగతి రాసి లేక, వాళ్లు నోట్ ఇవ్వనంటే, డిస్కౌంట్ కోయకుండా, టీడీఎస్ పోను బిల్లు మొత్తం గడువులోగా కట్టేయండి.