పాత సోనా బోటుకు ఫైబర్ కోటింగ్: బోటు నిలుస్తుందా, రంగే నిలుస్తుందా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, కాకినాడ ఉప్పుటేరు గట్ల మీద చేపల వాసన కంటే రెసిన్ వాసనే ఎక్కువ. పాత చెక్క బోటు ఉన్న ప్రతివాడి దగ్గరికీ ఫైబర్ కోటింగ్, అంటే చెక్క మీద గాజు పీచును రెసిన్ అనే జిగురుతో అంటించే పూత, వేసేవాళ్లు బేరానికి వస్తారు. అమ్మేద్దామా, బాగుచేయిద్దామా అని ఊగిసలాడే యజమానికి ఇది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. ఇక్కడ ఆ పని మీదే మా అంచనా. లెక్కలన్నీ 13 మీటర్ల సోనా బోటుకు, అంటే ఇంజన్‌తో నడిచే ఇక్కడి చెక్క వేట బోటుకు.

ముందుగా ఒక్క మాట. కోటింగ్ నీళ్లను ఆపుతుంది, చెక్క తొలిచే సముద్రపు పురుగును ఆపుతుంది. పుచ్చిన చెక్కకు బలం మాత్రం ఇవ్వదు.

అందుకే బేరానికి ముందు బోటు చూడాలి, అదీ లోపలి నుంచి. చిన్న సుత్తితో పలకలన్నీ తట్టుకుంటూ పోతే గట్టి చెక్క 'టంగు'మంటుంది, పుచ్చుది 'బొద్దు'గా పలుకుతుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవర్ గుచ్చితే సెంటీమీటరు దిగకూడదు. ముఖ్యంగా చూడాల్సినవి అడుగు దూలానికి ఆనుకున్న మొదటి పలక, ఇంజన్ దిమ్మల కింది భాగం, షాఫ్టు గొట్టం చుట్టూ, వెనక మూలలు. అన్నిటికంటే ఐసు గది. ఉప్పునీళ్లు తగిలే చెక్క త్వరగా కుళ్లదు. ఐసు కరిగిన మంచినీళ్లు, డెక్కు సందుల్లోంచి దిగే వాననీళ్లు మాత్రం కుళ్లబెడతాయి. బయట నిగనిగలాడే బోటు ఐసు గది వెనక మెత్తబడి ఉండటం మామూలే.

తర్వాత మేకులు. పలక మీద మేకు చోట తుప్పు చార దిగుతుంటే ఒకటి పీకించి చూడండి. తలా మొనా బాగానే ఉంటాయి. పలకా, లోపలి వంకర కట్టె కలిసే చోట, అంటే సరిగ్గా నడుము దగ్గర, అగ్గిపుల్లంత సన్నబడి ఉంటుంది. తుప్పు చుట్టూ చెక్క కూడా నల్లబడి పొడిపొడిగా రాలుతుంది. పది మేకులు పీకితే నాలుగు ఇలా వచ్చాయంటే కోటింగ్ మాట మరిచిపోండి. మళ్లీ మేకులు కొట్టాల్సింది ఆ పాత రంధ్రాల్లో కాదు, పక్కన కొత్త చెక్కలో.

పురుగు సంగతి వేరు. బయట గుండుసూది మొనంత రంధ్రం ఉంటుంది, లోపల బొటనవేలు పట్టేంత సొరంగం, గోడలకు సున్నం పూసినట్టు తెల్లటి పొర. కోటింగ్ వేస్తే సముద్రపు నీళ్లు అందక పురుగు చస్తుంది, సొరంగం అలాగే ఉంటుంది. ఆ పలక మార్చాల్సిందే.

ఇక అసలు చిక్కు ఆరబెట్టడంలో ఉంది. చెక్కలో తేమ 15 శాతం లోపుంటేనే రెసిన్ పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన రెండంగుళాల పలక, పాత తారు, రంగు మొత్తం గీకేశాక నీడలో కనీసం నాలుగు వారాలు ఆరాలి. ఎండలో పెడితే పైన ఆరి పగుళ్లు వస్తాయి, లోపల తడి అలాగే ఉంటుంది. నిషేధం మొదలైన వారంలో ఒడ్డుకు లాగితే నాలుగు వారాలు ఆరడానికి, పది రోజులు వడ్రంగి పనికి, వారం కోటింగ్‌కు, ఇంకో వారం గట్టిపడటానికి సరిపోతుంది. మే 20న లాగి జూన్ 14కి దించేస్తామనేవాడు తడి చెక్కకే అంటిస్తాడు. అది ఏడాది తిరక్కుండానే బుడగలు కడుతుంది, పెచ్చులుగా లేస్తుంది.

సరుకు లెక్క తెలిసుంటే మోసం తేలిగ్గా పట్టుకోవచ్చు. అడుగు, పక్కలు కలిపి దాదాపు 80 చదరపు మీటర్లు. కనీసం మూడు పొరలు వేయాలి: చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజు పీచు చాప), దాని మీద 600 గ్రాముల రోవింగ్ (నేసిన గాజు గుడ్డ), మళ్లీ 450 మ్యాట్. గ్లాసు 120 కిలోలు, రెసిన్ 220 కిలోల పైచిలుకు, అంటే ఇంచుమించు ఒక నిండు డ్రమ్ము. సగం డ్రమ్ముతో పని అయిపోయిందంటే ఒక పొర తగ్గిందన్నమాటే. బోటు బరువు 350 కిలోలు దాకా పెరుగుతుంది, అదేమంత లెక్క కాదు.

రెసిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. మే నెల ఎండకు 10 చాలు, లేదంటే బకెట్లోనే గడ్డకడుతుంది. తెల్లవారి మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపడం మంచి పనివాళ్ల అలవాటు. గట్టిపడటాన్ని వేగిరపరిచే కొబాల్టునూ హార్డ్‌నర్‌నూ నేరుగా కలపకూడదు, పేలుతుంది. ముందు కొబాల్టును రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్. పలక అంచులు గుండ్రంగా చెక్కకపోతే మ్యాట్ మూలల్లో లేచి గాలి నిలుస్తుంది. టేకు జిడ్డు చెక్క కాబట్టి మొదటి పూతకు ముందు ఎసిటోన్‌తో తుడవాలి. పై అంచున, అడుగు దూలం వెంబడి స్టీలు స్క్రూలతో పట్టీ బిగించమని అడగండి. చాలామంది ఇది ఎగ్గొడతారు. అతుకు మొదట లేచేది అక్కడే.

పాత పద్ధతి, అంటే పలకల సందుల్లో నూలు కూరి గుగ్గిలం, నూనె ముద్ద పట్టించడం, దీనికి పూర్తిగా విరుద్ధం. అందులో చెక్క తడిగా ఉబ్బి సందు మూసుకోవాలి, ఇందులో ఎండి ఉండాలి. రెండూ కలిపి చేస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. తడి ఎక్కిన పలక ఉబ్బి పైనున్న ఫైబర్‌ను చీల్చేస్తుంది. ఏటా సందులు కూరే ఓపిక, చేయి తిరిగిన వడ్రంగి ఉంటే పాత పద్ధతిలోనే బోటు ఎక్కువ కాలం బతుకుతుంది. అలాంటి వడ్రంగులే తగ్గిపోతున్నారు.

అమ్మాలనుకునేవాళ్లు కోటింగ్ మీద డబ్బు పెట్టొద్దు. తెలిసిన సరంగు, అంటే బోటు నడిపేవాడు, రంగు చూసి కొనడు, ఐసు గదిలోకి దిగి చూస్తాడు. ఇంజన్, గేర్‌బాక్సు, వల లాగే వించి, ఇత్తడి ఫ్యాను (ప్రొపెల్లర్) విడిగా అమ్మితేనే ఎక్కువ వచ్చే సందర్భాలున్నాయి, చెక్క కట్టెల ధరకు పోయినా సరే. బోటుగానే అమ్మితే రిజిస్ట్రేషనూ వేట లైసెన్సూ మత్స్యశాఖలో కొన్నవాళ్ల పేరుకు మారేదాకా తాళాలివ్వకండి. బోటు మీద అప్పుంటే ముందు బ్యాంకు నిరభ్యంతర పత్రం తీసుకోండి. విడగొట్టి అమ్మితే పాత నంబరు రద్దు చేయించడం మరవొద్దు.

మార్కులు: గట్టి చెక్క, మంచి మేకులు, ఏప్రిల్‌లోనే ఒడ్డెక్కిన బోటుకైతే ఐదుకు నాలుగు. ఒకటి రెండు పలకలు మార్పించాక అయితే మూడు. జూన్ తొందరలో తడి మీద వేసిన దానికి సున్నా.