బరంపురంలో కంటి ఇంజెక్షన్ల సేవ: వైద్యానికి మంచి మార్కులు, కౌంటరుకు కావు

మధుమేహం వల్ల చూపు మసకబారిన మా పెద్దమ్మను పర్లాకిమిడి నుంచి బరంపురంలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లి, రెటీనాకు (కంటి వెనుక వెలుగును పసిగట్టే పొరకు) ఇచ్చే ఇంజెక్షన్లు చేయిస్తున్నాము. అక్కడి వైద్యం గురించి నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా డబ్బు కట్టించుకునే చోటే.

వైద్యుడు, రెటీనాను అడ్డంగా కోసినట్టు చూపే ఓసీటీ స్కాన్‌ను తెర మీద పెట్టి, రెటీనా పొరల మధ్య నల్లగా ఉబ్బిన నీటి గూళ్లను పెన్ను కొనతో చూపిస్తూ తెలుగులోనే వివరించారు. మధుమేహంతో సన్నని రక్తనాళాలు మూసుకుపోయిన చోట రెటీనాకు ఆక్సిజన్ అందదు. ఆక్సిజన్ ఉన్నంతసేపూ కణం ఎప్పటికప్పుడు నాశనం చేసే హిఫ్ అనే ప్రొటీన్ అప్పుడు నిలిచిపోయి, వీఈజీఎఫ్ అనే సంకేత ప్రొటీన్ తయారీని పెంచుతుంది. (కణాలు ఆక్సిజన్‌ను ఇలా పసిగట్టే తీరును కనుగొన్నందుకే 2019లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.) ఆ సంకేతం రక్తనాళాల లోపలి గోడ కణాల మీది గ్రాహకాలకు అంటుకుంటే గోడల అతుకులు సడలి నీరు ఊరుతుంది, కొత్త నాళాలు మొలుస్తాయి. మామూలుగా అయితే ముందు సాగే కణం నాచ్ అనే మరో సంకేతంతో పక్క కణాలను నిలువరిస్తుంది కాబట్టి కొమ్మలు పద్ధతిగా వస్తాయి. వీఈజీఎఫ్ మితిమీరిన కంట్లో నాళాలు అడ్డదిడ్డంగా, బలహీనంగా పుట్టి రక్తం కారుస్తాయి.

ఇంజెక్షన్ చేసేది ఆ వీఈజీఎఫ్‌ను పట్టి బంధించడమే. మూసుకుపోయిన నాళాలను అది తెరవదు. మందు తగ్గేకొద్దీ సంకేతం మళ్లీ పుంజుకోవచ్చు కాబట్టి మొదట్లో నెలనెలా వేయాలి. ఇంత ముఖ్యమైన మాటను కౌంటరులో ముందే చెప్పకపోగా, "ఒక్కటి వేయిస్తే చాలమ్మా" అన్నారు. ఆ మాట నమ్మి రెండో ఇంజెక్షన్‌కు డబ్బు సమకూర్చుకోని వాళ్లు మధ్యలోనే మానేస్తే తప్పెవరిది?

మందుల ఎంపికలోనూ అంతే. ఈ ఇంజెక్షన్‌లో వాడే బెవాసిజుమాబ్‌కు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది పెద్దపేగు క్యాన్సర్‌కు. పెద్ద సీసాను కంటికి సరిపడే చిన్న మోతాదులుగా విడదీస్తారు కాబట్టి చవక. అదే పనిచేసే రానిబిజుమాబ్ కంటికోసమే తయారైంది, ధర ఎక్కువ. మన దేశంలో తయారైన రూపం 2015 నుంచి దొరుకుతోంది. చవక మందు పనికిరానిదేమీ కాదు, కానీ విడదీసేటప్పుడు క్రిములు చేరకూడదు. ఆ పని ఎక్కడ జరుగుతుందని అడిగితే కౌంటరులో ధరల పట్టిక చేతిలో పెట్టారు తప్ప జవాబు రాలేదు. చివరికి ఆ వివరమూ వైద్యుడే చెప్పారు.

థియేటర్‌లో మాత్రం లోపం కనిపించలేదు. మత్తు చుక్కలు వేసి, పోవిడోన్ అయోడిన్‌తో కంటిని శుభ్రం చేసి, రెప్పలకు క్లిప్పు పెట్టి, 0.05 మిల్లీలీటరు మందును కంటి తెల్లభాగం నుంచి ఎక్కించడం నిమిషాల్లో ముగిసింది. మర్నాడు నొప్పి, ఎరుపు ఉన్నాయేమోనని ఫోన్ చేసి కనుక్కున్నారు.

సమ్మతి పత్రం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే ఉంది. పర్లాకిమిడి వైపు నుంచి ఇంతమంది తెలుగువాళ్లు వెళ్లే ఆసుపత్రి తెలుగులోనూ ఒక కాగితం అచ్చు వేయించి, ఎన్ని ఇంజెక్షన్లు పట్టవచ్చో అందులోనే రాస్తే, ఇంకో స్టార్ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రస్తుతానికి ఐదుకు మూడున్నర.