రసవాది కొలిమి, సిలువ యోహాను చీకటి రాత్రి

అహం కరగడాన్ని రెండు పాత దారులు నలుపుతోనే చెప్పాయి. మామూలు లోహాన్ని బంగారంగా మార్చాలని చూసిన యూరప్ రసవాదులు, పదార్థం పాత్రలో కుళ్లి నల్లబడే తొలి దశను నిగ్రెడో అన్నారు. తర్వాత తెలుపు, చివర ఎరుపు. మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 20వ శతాబ్దంలో ఈ నలుపును మనసుకు అన్వయించాడు: "నేను" అనుకున్న రూపం విరిగి, దాచుకున్న నీడ బయటపడటం.

స్పెయిన్‌లో క్రైస్తవ సన్యాసి, కవి సిలువ యోహానుది (జాన్ ఆఫ్ ద క్రాస్) వేరే దారి. 1577 చివర్లో సొంత మఠసభ వాళ్లే ఆయన్ని టొలేడోలో బంధించారు. ఎనిమిది నెలలకు పైగా ఇరుకు గదిలోనే. దేవుడి చేతిలో ఆత్మ శుద్ధయ్యే బాధనే ఆయన "చీకటి రాత్రి" అన్నాడు. దానికి ఆయన చెప్పిన పోలిక నాకు మరీ ఇష్టం: మంట ముందు కట్టెలోని తడిని లాగేస్తుంది, నల్లగా, వికారంగా చేస్తుంది. ఆ తర్వాతే కట్టె కూడా మంటవుతుంది.

రెండు చోట్లా నలుపే. కానీ రసవాది పక్కనే కూర్చుని మంటను సరిచేస్తుంటాడు, అంటే పని చేయించే "నేను" ఇంకా మిగిలే ఉంది. యోహాను దగ్గర మంట దేవుడిది, కట్టె మన ఆత్మ, అది చేయగలిగింది కాలడమే. అహం కరగడమంటే నాకు ఈ రెండోదే నిజమనిపిస్తుంది, భయం వేసినా సరే.