ఆరేళ్లు వాడాక చెప్తున్నా: అడవి దారికి గొడ్డలి కాదు, కమ్మరి కత్తి

వీపున సంచి వేసుకుని అడవి వైపు రెండు రోజులు వెళ్లేవాళ్లు గొడ్డలి తీసుకోవాలా, కత్తి తీసుకోవాలా అని అడుగుతుంటారు. నేను రెండూ కొన్నాను, తర్వాత మడత రంపం కూడా కొన్నాను. గోవిందరావుపేట మండలంలో అడవిని ఆనుకుని మా మేనమామ చేను ఉంది, ఆరేళ్లుగా ఏటా చలికాలం, ఎండాకాలం అక్కడ రాత్రుళ్లు ఉంటూ మూడింటినీ వాడాను.

ముందు గొడ్డలి సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్నది, కామతో కలిపి కిలో దాటింది. ఏప్రిల్ ఎండలకు కామ ఎండి తల కదలడం మొదలైంది. ఎవరో చెప్తే రాత్రంతా నీళ్లలో నానబెట్టాను, తెల్లారేసరికి గట్టిగా బిగుసుకుంది, వారం తిరక్కుండానే ముందుకన్నా వదులైంది. నానిన కట్టె ఉబ్బి ఇనుము లోపల నలుగుతుంది, ఎండాక ఇంకా సన్నబడుతుంది, అందుకే ఆ పని చేయకండి, కొత్త సీల కొట్టించుకోండి. ఒక సాయంత్రం నేను నరుకుతుంటే తల ఊడిపోయి మా తమ్ముడి కాలి పక్కనే పడింది. వాడికి ఏమీ కాలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కామ గట్టిగా ఉన్నా మన వైపు గొడ్డలితో పని తక్కువ. మనకు దొరికేది ఎండిన కంక (వెదురు) బొంగులు, సర్కారు తుమ్మ కొమ్మలు, రాలిన టేకు పుల్లలు. మొద్దులు చీల్చేది ఎక్కడ? పైగా గుండ్రటి బొంగు మీద గొడ్డలి దెబ్బ జారిపోతుంది.

కత్తిని ములుగు దారిలో ఒక ఊరి కొలిమి దగ్గర, లారీ కమాన్ పట్టా ముక్కతో చేయించాను. అలుగు తొమ్మిది అంగుళాలు, బరువు అర కిలో చిల్లర. ఇచ్చేటప్పుడు కమ్మరి తాత, "రాయికి తగలనియ్యకు బిడ్డా, మిగతాది అదే చూస్కుంటది" అన్నాడు. ఆరేళ్లలో ఒక్కసారే రాయికి తగిలింది, అంచు మీద బియ్యపు గింజంత నొక్కు పడింది, ఆకురాయితో ఒక పూట రుద్దితే పోయింది. అంచు మొద్దుబారింది గానీ ఎప్పుడూ పెచ్చు లేవలేదు.

దీని అసలు గుణం బొంగు చీల్చేటప్పుడు చూడాలి. బొంగును నిలబెట్టి, కొస మీద అంచు ఆనించి, ఇంకో కట్టెతో కత్తి వెన్ను మీద రెండు దెబ్బలు వేస్తే చాలు, చీలిక టపటపమంటూ కణుపు కణుపూ దాటుకుంటూ కిందికి పోతుంది. పొయ్యిలోకైతే తప్పకుండా చీల్చే వేయండి. మూసిన కణుపుల మధ్య గాలి వేడెక్కి బొంగు పేలుతుంది, నిప్పురవ్వలు మీద పడతాయి.

మణికట్టంత లావు కొమ్మకు మాత్రం రంపమే మేలు. పావు కిలో కూడా ఉండదు, చీకట్లో చెయ్యి విసిరే పని లేదు. నాది లాగేటప్పుడు కోసే రకం, తోస్తే వంగుతుంది. తొందరపడి ఒక పట్టీ విరగ్గొట్టుకున్నాను. కత్తీ రంపమూ కలిపినా గొడ్డలంత బరువు లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏటూరునాగారం, పాకాల లాంటి అభయారణ్యాల్లోకి ఇవేవీ పట్టుకుపోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి వెళ్లకూడదు, అక్కడ నిప్పు పెట్టడమూ నేరమే. నేను వాడేది చేనులో, అదీ రాలిన కట్టె మీదే. పచ్చి చెట్టు జోలికి పోను.

వానాకాలం వస్తే కత్తికి తుప్పు తప్పదు. మొదటి ఏడాది తోలు ఒరలోనే వదిలేశాను, చెమ్మ పట్టి అలుగంతా ఎర్రగా మచ్చలు పడ్డాయి. ఇప్పుడు ఆముదం రాసి, పొడి గుడ్డలో చుట్టి అటక మీద పెడుతున్నాను.