తేజస్ మార్క్-1ఏ రివ్యూ: 309 కోట్లా, 643 కోట్లా?

స్వదేశీ యుద్ధవిమానం తేజస్ మార్క్-1ఏ ఖరీదు గురించి వార్తల్లో రకరకాల అంకెలు తిరుగుతుంటాయి. దాదాపు అన్నీ నిజమే. ఏ అంకెలో ఏమేం కలిపారో చూడకుండా ఫ్రాన్స్ యుద్ధవిమానం రఫేల్ పక్కన పెట్టి పోల్చితేనే తంటా.

2021 జనవరిలో కేంద్ర కేబినెట్ 83 విమానాలకు (73 ఫైటర్లు, 10 ట్రైనర్లు) 45,696 కోట్లు మంజూరు చేసింది. భాగిస్తే ఒక్కోటి 550 కోట్లు. అప్పట్లో తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ చెప్పిన అసలు ధర మాత్రం ఫైటర్‌కి 309 కోట్లు, ట్రైనర్‌కి 280 కోట్లు. అంటే విమానాల వరకూ 25 వేల కోట్ల పైచిలుకే. దాదాపు 11 వేల కోట్లు ఎయిర్‌బేస్‌లలో గ్రౌండ్ పరికరాలకూ వసతులకూ, 7 వేల కోట్లు కస్టమ్స్ సుంకానికీ జీఎస్టీకీ పోయాయి. పన్నులంటే సర్కారు ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకునేదే, కాబట్టి వాటిని విమానం ఖాతాలో వేయడం అన్యాయం. అవి తీసేస్తే ఒక్కోటి 466 కోట్ల దగ్గర తేలుతుంది.

2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు (68 ఫైటర్లు, 29 ట్రైనర్లు) పన్నులు కాకుండానే 62,370 కోట్లతో ఒప్పందం అయింది. ఒక్కోటి 643 కోట్లు. ఆ 466తో పోలిస్తే నాలుగున్నరేళ్లలో 38 శాతం పెరుగుదల! ఉత్తమ్ రాడార్, శత్రు రాడార్లు, క్షిపణుల నుంచి కాపాడే స్వయం రక్షా కవచ్ లాంటి స్వదేశీ సరుకు ఇందులో ఎక్కువే. అయినా ఆర్డరు పెద్దదయ్యేకొద్దీ ధర దిగాలన్న లెక్క ఇక్కడ పనిచేయలేదు.

అసలు బలహీనత ఇంజన్ దగ్గరుంది. అమెరికా కంపెనీ జీఈ తన ఎఫ్404-ఐఎన్20 ఇంజన్లు 65 ఇచ్చేసరికి 2016 వచ్చింది. ఆ తర్వాత ఆర్డరు లేక జీఈ ఆ తయారీ లైను మూసేసింది. విమానాల ఒప్పందం 2021 ఫిబ్రవరిలో కుదిరితే, 99 ఇంజన్లకు 5,375 కోట్ల ఆర్డరు ఆగస్టులో వెళ్లింది. ఒక్కో ఇంజన్ 54 కోట్లు, అంటే ఫైటర్ అసలు ధరలో ఆరో వంతు. ఐదేళ్లు పడుకున్న లైనును, దాని వెనకున్న విడిభాగాల సప్లయర్లను మళ్లీ లేపి తొలి ఇంజన్ పంపేసరికి 2025 మార్చి అయింది. 2024లోనే అందాల్సిన విమానాలు బెంగళూరులో ఇంజన్ కోసం ఎదురుచూశాయి. ఐదేళ్ల ఆర్డర్ల ఖాళీ ఎంత ఖరీదో ఒప్పందం కాగితాల్లో ఎక్కడా కనపడదు.

బాడీ విషయంలో హెచ్‌ఏఎల్ పని పంచి మంచి పని చేసింది. మధ్య ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) హైదరాబాద్ వెమ్ టెక్నాలజీస్, వెనక భాగం ఆల్ఫా టోకోల్, రెక్కలు ఎల్ అండ్ టీ చేస్తున్నాయి. వెమ్ తొలి మధ్య ఫ్యూజిలాజ్‌ను 2025 మే చివర్లో అప్పగించింది. పెద్ద భాగాలు బయటి నుంచి బిగించి వస్తే ఫైనల్ లైనులో ఒక్కో విమానం పట్టే రోజులు తగ్గుతాయి.

బెంగళూరులో రెండు లైన్లు, నాసిక్‌లో ఒకటి కలిపి ఏడాదికి 24 విమానాలు లక్ష్యం. రెండు ఆర్డర్లు కలిపితే 180, అంటే అన్నీ సవ్యంగా సాగినా ఏడున్నరేళ్ల పని. ఇంజన్లు కూడా ఏడాదికి 24 రాకపోతే నాసిక్ లైను ఖాళీగా ఉన్న రోజుల జీతాలు, అద్దెలు, వడ్డీలు తర్వాతి విమానాల ధర మీదే పడతాయి.