రెండున్నరేళ్లుగా మొబైల్ సిమ్ మీద డ్రోన్: నా అనుభవం

పల్నాడు జిల్లాలో మిర్చి, పత్తి పొలాల సర్వేకు వాడే మా డ్రోన్‌కు మామూలు రేడియో రిమోట్‌తో పాటు 4జీ మోడెమ్ కూడా అమర్చి రెండున్నరేళ్లయింది. డ్రోన్‌ను నడిపే ఆటోపైలట్ పక్కన రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి మోడెమ్‌గా పనిచేసే డాంగిల్, అందులో సాధారణ ప్రీపెయిడ్ సిమ్. ఎత్తు, వేగం, బ్యాటరీ వివరాలు ముంబయిలో అద్దెకు తీసుకున్న సర్వర్ మీదుగా పొలం గట్టున ఉన్న నా ల్యాప్‌టాప్‌కూ, నరసరావుపేట ఆఫీసుకూ చేరతాయి. ప్రీపెయిడ్ సిమ్‌కు బయటినుంచి నేరుగా చేరగల ఐపీ చిరునామా దొరకడం అరుదు కనుక, రెండు వైపులూ ఆ సర్వర్‌లోని వీపీఎన్‌లో, అంటే ఇంటర్నెట్ మీదే వేసుకున్న సొంత నెట్‌వర్క్‌లో, కలుసుకోవలసిందే.

చెట్ల వరుసో, చిన్న గుట్టో అడ్డు వస్తే వివరాలు ఆగిపోయే బాధ దీనితో చాలావరకు తీరింది. అందుకు ఈ ఏర్పాటును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

నన్ను నెలల తరబడి తికమక పెట్టింది మాత్రం సిగ్నల్ లేకపోవడం కాదు, మరీ ఎక్కువగా ఉండడం. నేల మీద రెండు గీతలే చూపే చోట, 90 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి గీతలన్నీ నిండేవి, అయినా లింకు నత్తనడక నడిచేది. టవర్ యాంటెన్నాలను నేల మీది ఫోన్ల కోసం కాస్త కిందికి వంచి బిగిస్తారు కాబట్టి, పైనున్న డ్రోన్‌కు అందేది వాటి పక్కలనుంచి పైకి చిమ్మే బలహీనమైన తరంగాలే. అయినా అక్కడ అడ్డేమీ ఉండదు కనుక గీతలు నిండుతాయి, దూరపు టవర్లు కూడా ఒకేసారి వినిపిస్తాయి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలన్నింటి మీదా మైకులు కలిసి మోగినట్టు, ఏదీ స్పష్టంగా వినబడదు. మోడెమ్ ఒక టవర్‌ను వదిలి ఇంకో టవర్‌ను పట్టుకోవడంలోనే సతమతమవుతుంది. మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ 2018 నాటి తన 15వ విడుదలలో ఎగిరే పరికరాల కోసం కొన్ని ఏర్పాట్లు చేర్చింది గానీ, మా చవక డాంగిల్‌కు అవి లేవు.

ఒక మధ్యాహ్నం సత్తెనపల్లి దగ్గర తెర మీద బ్యాటరీ అంకె 61 దగ్గర నిలిచిపోయింది. కళ్లెదుట డ్రోన్ మలుపు తిరిగి తూర్పుకు సాగుతోంది, తెర మీది బాణం ఇంకా పడమరకే చూపిస్తోంది. సరిగ్గా ఐదు సెకన్లకు ఆటోపైలట్, లింకు తెగిందనుకుని, తనంతట తానే డ్రోన్‌ను వెనక్కి తిప్పి, బయలుదేరిన చోటికి తెచ్చింది. తరువాత లాగ్ చూస్తే తప్పు నాదే: టీసీపీ అనే పద్ధతిలో పంపడం వల్ల, దారిలో పోయిన పాత సమాచారం మళ్లీ వచ్చేదాకా కొత్తది క్యూలో ఆగిపోయింది, దాని ముందు వీడియో కూడా దారి మూసేసింది. పోయినదాని కోసం ఆగని యూడీపీ పద్ధతికి మార్చి, వీడియో నాణ్యత బాగా తగ్గించాక అంత పొడవైన విరామం మళ్లీ రాలేదు.

అయినా మొబైల్ నెట్‌వర్క్ ఒక్కదాన్నే నమ్మి ఎగరేయమని ఎవరికీ చెప్పను. శివరాత్రి నాడు చుట్టుపక్కల ఊళ్ల జనమంతా ఫోన్లు పట్టుకుని రోడ్డెక్కితే, అదే టవర్ మీద మన డ్రోన్ కూడా మరో ఫోన్ మాత్రమే, దానికి ప్రత్యేక ప్రాధాన్యం ఏమీ ఉండదు. కంటిచూపు దాటి ఎగరేయడానికి మన దేశంలో ప్రత్యేక అనుమతి కావాలి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందుల రవాణా ప్రయోగాలు అలాంటి అనుమతితోనే జరిగాయి. నేను మాత్రం డ్రోన్‌ను కంటి ముందే, రిమోట్‌ను చేతిలోనే ఉంచుకుంటాను.

ఇప్పుడు ప్రతి కొత్త పొలంలోనూ ముందుగా 30, 60, 90 మీటర్ల దగ్గర ఒక్కో నిమిషం ఆపి, సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం చూస్తాను. పైన అది అర సెకను దాటితే ఆ రోజు 60 మీటర్లనుంచే ఫొటోలు తీస్తాను. ఫొటోల సంఖ్య పెరిగి, ఒక బ్యాటరీ అదనంగా ఖర్చవుతుంది.