ఖాళీ గోడ ముందు రెండేళ్లు: ఇంట్లో డ్రై ఫైర్ నాకు ఏమిచ్చింది

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ షూటింగ్‌లో పతకాలు తెచ్చాక మా షూటింగ్ రేంజ్‌కి పిల్లల రాక పెరిగింది. చాలా సంతోషం. కానీ సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళితే లేన్ (నిలబడి కాల్చే చోటు) దొరకడం కష్టమైపోయింది. అలా రెండేళ్ల కిందట పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ఇంట్లో డ్రై ఫైర్, అంటే పెల్లెట్ (చిన్న గుండు) పెట్టకుండా గురిచూసి ట్రిగ్గర్ నొక్కే సాధన, మొదలుపెట్టాను. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే ఏర్పాటు పిస్టల్‌లోనే ఉంది. రోజూ ఇరవై నిమిషాలు. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకోవడం, గది తలుపు వేసుకోవడం ఒక్కరోజూ మానలేదు.

మొదటి నెల వృథా అయింది. అసలు టార్గెట్‌నే గోడకు అంటించి నాలుగు మీటర్ల నుంచి గురిపెట్టాను. దగ్గరగా ఉంది కాబట్టి చెయ్యి ఎంత ఊగినా బాగానే ఉన్నట్టు కనిపించేది. అసలు నల్ల గుండ్రం 59.5 మిల్లీమీటర్లు, నాలుగు మీటర్లకైతే దాన్ని 24 మిల్లీమీటర్లకు తగ్గించాలి.

తర్వాత అదీ తీసేసి ఖాళీ తెల్ల గోడ పెట్టుకున్నాను. అసలు సంగతి అక్కడ బయటపడింది. 500 గ్రాముల ఒత్తిడికి కదిలే ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కుతుంటే, సరిగ్గా టిక్‌మనే క్షణంలో ఫ్రంట్ సైట్ (పిస్టల్ ముందు కొసన గురిచూసే గుర్తు) ఎడమకు, కాస్త కిందికి జారుతోంది. చూపుడు వేలితో పాటు మిగతా వేళ్లూ బిగుసుకుంటున్నాయి! రేంజ్‌లో నా కళ్లు స్కోర్ మీదే ఉండేవి, ఇది ఏనాడూ చూడలేదు. సరిచేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

చదవడం గురించి కూడా చెప్పాలి. టెక్నిక్ పుస్తకాలు వరసపెట్టి చదివినప్పుడు అయోమయమే మిగిలింది. ఒక్క పేజీ చదివి, అందులో ఒక్క విషయం వారమంతా గోడ ముందు చేసి, డైరీలో రాసుకున్నప్పుడే పనికొచ్చింది. నాకు ఎక్కువ మేలు చేసింది మాత్రం రూల్ బుక్. 60 షాట్లకు 75 నిమిషాలు, అంటే షాట్‌కి 75 సెకన్లు. ఇంత సమయం ఉండగా ఎందుకు తొందర? అప్పటి నుంచి పది సెకన్లలో షాట్ రాకపోతే చెయ్యి దించేయడం కూడా ఇంట్లోనే ప్రాక్టీస్ చేశాను.

600కి 545 దగ్గర ఆగిపోయిన నా స్కోర్ ఇప్పుడు 560 దాటుతోంది. అయితే మ్యాచ్ టెన్షన్‌కి గోడ దగ్గర మందు లేదు. మొదటి పది షాట్లలో గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. కొత్తవాళ్లు మాత్రం కోచ్ దగ్గర గ్రిప్, నిలబడే తీరు కుదిరాకే ఇది మొదలుపెట్టండి. తప్పు చేస్తూ రోజూ ఇరవై నిమిషాలు నొక్కితే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది.